కాలువగట్టు మీద చదువు: డెల్టా పల్లెల పిల్లలకు ప్రకృతినీ భాషనూ కలిపి నేర్పడం ఎలా

గోదావరి డెల్టాలో పదేళ్ల పిల్లలకు తెలిసిన సంగతులు చాలా ఉంటాయి. ఏ బోదెలో మట్టగిడసలు దొరుకుతాయో తెలుసు. దమ్ము చేసే ట్రాక్టరు వెనక కొంగలు ఎందుకు నడుస్తాయో తెలుసు. ఏ కాయ లేతదో, ఏది ముదిరిందో కొబ్బరిచెట్టు కింద నిలబడే చెప్పగలరు. అదే పిల్లల చేతికి వాచకం ఇస్తే వత్తక్షరం దగ్గర ఆగిపోయేవాళ్లు ఎంతోమంది. బడిలో పరిసరాల విజ్ఞానం ఒక పీరియడు, తెలుగు మరో పీరియడు, ఇంగ్లీషు ఇంకో పీరియడు. తమకు తెలిసినదాన్నే రాయమని, రాసినదాన్నే చదవమని అడిగేవాళ్లు తక్కువ. ఆ పని మీరు మీ ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. వారానికి ఒక ఉదయం, ఇద్దరు పెద్దవాళ్లు, పదిహేను మంది పిల్లలు, తలా ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఎవరైనా కావచ్చు. వయసులు కలిసి ఉండటమే మంచిది. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు రాసిపెడతారు, చిన్నవాళ్లు పెద్దపిల్లల కంటపడనివి చూస్తారు.

చోటు

పిల్లల్ని బస్సెక్కించి కోరంగి మడ అడవులకు తీసుకెళ్దామనే ఆలోచన ముందుగా వస్తుంది. దాన్ని ఆరు నెలలు పక్కన పెట్టండి. ఊరి నుంచి పది నిమిషాల్లో నడిచి వెళ్లగల ఒక్క చోటు ఎంచుకుని ప్రతివారం అక్కడికే వెళ్లండి. ఒకే చోటును మళ్లీ మళ్లీ చూసినప్పుడే మార్పు కనిపిస్తుంది. పోయినవారం లేని గూడు, తగ్గిన నీరు, కొత్తగా తేలివచ్చిన గుర్రపుడెక్క, కొట్టేసిన తుమ్మచెట్టు పిల్లల కంట పడతాయి. మాట్లాడటానికీ రాయడానికీ కావలసిన సరుకంతా ఆ మార్పులోనే ఉంది.

రావులపాలెం, మండపేట, తణుకు వైపు అయితే కాలువగట్టు, వరిచేలు, ఊరచెరువు ఉంటాయి. లంక గ్రామాలకు రేవు ఉంది. అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం వంటి తీరప్రాంతాల వాళ్లకు పోటూ పాటూ (సముద్రపు నీరు ఎక్కడం, తీయడం) తెలిసిన ఏటి ఒడ్డు ఉంది. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల ఎటు చూసినా చేపల, రొయ్యల చెరువులే. అక్కడా చూడవలసింది చాలా ఉంది. కానీ చెరువు యజమానిని అడిగే వెళ్లండి. ఏరేటర్ల కరెంటు తీగలున్న గట్టు మీదికి పిల్లల్ని అసలు ఎక్కించకండి.

కూర్చుని రాసుకునే చోటు వేరుగా ఉండాలి. దాన్ని ఎంచుకునేటప్పుడు బాగా ఆలోచించండి. ఊళ్లోని అన్ని పేటల పిల్లలూ జంకు లేకుండా వచ్చి కూర్చోగలగాలి. ఎవరి ఇంటి అరుగో, గుడి మండపమో అయితే కొందరు పిల్లలు రెండో వారానికే రావడం మానేస్తారు. ఎందుకు మానేశారో ఎవరూ పైకి చెప్పరు. సర్కారు బడి వరండా అందరిదీ. ప్రధానోపాధ్యాయుల్ని కలిసి, ఆదివారం ఉదయం వరండా వాడుకుంటామని రాతపూర్వకంగా అడగండి.

నీటి దగ్గర జాగ్రత్తలు

ఈ భాగాన్ని దాటవేసి ముందుకు వెళ్లకండి. డెల్టా కాలువల ఒడ్డు నిలువుగా ఉంటుంది, నీళ్లు వదిలాక లోతూ వేగమూ పైకి తెలియవు. ఈత వచ్చిన పిల్లలైనా సరే, నీళ్లలో దిగకూడదన్నది మొదటి నియమం. ముందు ఒక పెద్దవాళ్లు, వెనక ఒకరు నడవాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యానుకు పొడవాటి తాడు కట్టి ఎప్పుడూ వెంట ఉంచుకోండి. ఎవరైనా పడితే వెంటనే దూకకుండా దాన్ని విసరాలని పిల్లలకు కూడా చేయించి చూపండి. వరద రోజుల్లో రేవుకు వెళ్లవద్దు.

కాళ్లకు చెప్పులో బూట్లో ఉండాలి. గట్టు బొరియల్లో, గడ్డిమేటు కింద చేతులు పెట్టకూడదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఎలా ఉంటాయో, నీరుకట్టు, జెర్రిపోతు ఎలా ఉంటాయో బొమ్మలతో నేర్పండి. విషం లేని పామును చంపడం అప్పుడైనా తగ్గుతుంది. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకూడదు. మంత్రానికి తీసుకెళ్లకూడదు. కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఉరుము వినిపిస్తే తాటిచెట్టు కిందికి పరుగెత్తకుండా ఇంటి కప్పు కిందికి వెళ్లాలి. కాయలున్న కొబ్బరిచెట్టు కింద ఎండ ఎంతగా ఉన్నా పిల్లల్ని కూర్చోబెట్టకండి.

ప్రతి పిల్లవాడి, ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. ఏ పెద్దమనిషీ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్న నియమాన్ని మొదటి రోజే అందరికీ చెప్పండి, అది మీకూ వర్తిస్తుంది. ఆ ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు మహిళ అయితే ఆడపిల్లలను పంపడానికి ఇళ్లవాళ్లు వెనకాడరు.

ఇంటి మాటతో మొదలుపెట్టండి

మొదటి నెల మీరు నేర్పేదేమీ లేదు, అడిగి రాసుకోవడమే. గట్టు మీద నిలబడి, పిల్లలు చూపించిన ప్రతిదాన్నీ ఏమంటారో అడగండి. పిట్ట, చేప, గడ్డి, పురుగు, వల, బుట్ట, చేలో చేసే పని అన్నీ అందులోకి వస్తాయి. ఒకే చేపకు రెండు వీధుల్లో రెండు పేర్లు రావచ్చు. రెండూ రాయండి. ‘అలా అనకూడదు, సరైన పేరు ఇది’ అని దిద్దకండి. అమ్మ నోట విన్న పేరు తప్పని చెప్పిన చోట పిల్లలు మళ్లీ నోరు విప్పరు.

పెద్ద రిజిస్టరు ఒకటి కొని, పేజీకి మూడు గడులు గీయండి. మొదటిది ఇంట్లో అనే పేరు, రెండోది పుస్తకాల్లో వాడే తెలుగు పేరు, మూడోది ఇంగ్లీషు పేరు. మొదటి గడి నిండేదాకా మిగతావాటి జోలికి వెళ్లవద్దు. వృత్తులవాళ్లు వాడే మాటలకు అంత విలువ ఉందా అని ఎవరైనా సందేహిస్తే, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం మొత్తం రైతులు వాడే వ్యవసాయ పదాలేనని చెప్పండి. మీ పిల్లలు చేసేది ఊరి స్థాయిలో అదే పని.

నెలకొకసారి ఊళ్లో పనిచేసేవాళ్లను పిలిచి మాట్లాడించండి. కొబ్బరి దింపు తీసేవాళ్లు, ఊడ్పుల ముఠాలోని ఆడవాళ్లు, వల అల్లేవాళ్లు, లాకుల దగ్గర పనిచేసేవాళ్లు రావచ్చు. వాళ్లకు కుర్చీ వేయండి, పేరుకు ‘గారు’ చేర్చి పిలవండి, పని మానుకుని వస్తే ఆ పూట కూలి ఇవ్వండి. తన నాన్నకో అమ్మమ్మకో బడి వరండాలో ఆ మర్యాద జరగడం చూసిన పిల్ల, ఆ తరువాత తన ఇంటి సంగతులు చెప్పడానికి సిగ్గుపడదు. పులస గురించి చెప్పాలంటే సైన్సు మాస్టారి కన్నా మత్స్యకారుడికే ఎక్కువ తెలుసు. వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఆ చేప ఏటికి ఎదురీదుతూ వస్తుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలనే సామెత అందరికీ వచ్చు. ఆ చేప ఎక్కడి నుంచి వస్తుందో, ధవళేశ్వరం దగ్గర దాని దారి ఎందుకు ఆగిపోతుందో పిల్లలు ఆయన్నే అడిగి రాసుకోవాలి.

పిట్టల పేర్లతో అక్షరాలు

చదవడం రాని పిల్లలకు ఏ మాటలతో మొదలుపెట్టాలో గట్టే చెబుతుంది. సేకరించిన పేర్లను లిపి కష్టాన్నిబట్టి వరుసగా పేర్చుకోండి.

గుణింతాలు మాత్రమే ఉన్నవి ముందు: కాకి, పీత, చేప, చిలుక, తాబేలు, తీతువు, నీటికోడి, గిజిగాడు, లకుముకి. ఇవి చదవగలిగితే గుణింతం చాలావరకు పట్టుబడినట్టే. తరువాత సున్న ఉన్నవి: కొంగ, లంక, పుంత, గోరింక. ఆపైన అదే అక్షరానికి అదే వత్తు వచ్చేవి: గద్ద, కప్ప, నత్త, గట్టు, రొయ్య, పిచ్చుక, కొబ్బరి. చివరికి వేరే అక్షరం వత్తుగా వచ్చేవి: ఊడ్పు, కార్తె, సార్వా, దాళ్వా, వడ్రంగి పిట్ట, గుడ్లగూబ. ఒక్కొక్క పేరూ ఒక అట్టముక్క మీద పెద్దగా రాయించి, వెనకవైపు పిల్లల చేతే బొమ్మ వేయించండి. కొన్న చార్టులు వద్దు. బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు, తాను కళ్లారా చూసిన పిట్ట పేరు చదవడానికి పిల్ల పడే కష్టం వేరుగా ఉంటుంది.

అట్టముక్కల కన్నా ముఖ్యమైన పని చెప్పించి రాయడం. గట్టు నుంచి వచ్చాక ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఈరోజు ఏం చూశావో చెప్పమని అడగండి. వాళ్లు చెప్పిన మాటలను మార్చకుండా, వాళ్ల కళ్లముందే పెద్ద అక్షరాలతో రాయండి. ‘తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడింది. నేను కదిలితే ఎగిరిపోయింది.’ ఇంత చాలు. వేలు పెట్టి మీరు ఒకసారి చదవండి, తరువాత వాళ్ల చేత చదివించండి. తన నోటి నుంచి వచ్చిన వాక్యమే కాబట్టి తరువాతి మాట ఏమిటో ముందే తెలుసు, కన్ను అక్షరాన్ని వెదికి పట్టుకుంటుంది. ఇంటికెళ్లి అదే పేజీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాలి. కొన్ని వారాలకు రెండు వాక్యాలు మీరు రాసి, మూడోది వాళ్లను రాయమనండి. తప్పులుంటే పేజీ మీద ఎర్రసిరా పెట్టకండి. తరచుగా తప్పుతున్న వత్తు ఏదో గమనించి, వచ్చేవారం ఆ వత్తున్న పేర్ల అట్టలు ముందుకు తీయండి.

చదవడం కొంత వచ్చినవాళ్లకు కొత్త పాఠాలు కావాలి. ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. జన విజ్ఞాన వేదిక వారి పిల్లల పత్రిక చెకుముకి కూడా పనికివస్తుంది.

ఏడాదిని కార్తెలుగా విభజించండి

ఇంగ్లీషు నెలల కేలండరు బడిలో ఎలాగూ ఉంది. మీ గోడకు 27 కార్తెల కేలండరు వేయండి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు, ఒక్కోటి సుమారు పదమూడు, పద్నాలుగు రోజులు. ఊళ్లో రైతులు వాటినిబట్టే మాట్లాడతారు కాబట్టి పిల్లలకు ఇంట్లో అడిగి తెలుసుకోవడానికి పని దొరుకుతుంది. ఒక్కో కార్తె గడిలో ఏ పిట్ట వచ్చింది, ఏ చెట్టు పూసింది, చేలో ఏ పని నడుస్తోంది అనేవి ఒక్కో వాక్యంగా రాయించండి.

ఎండాకాలంలో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అడుగు బయటపడ్డ కాలువలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు, పక్షుల అడుగుజాడలు, మనం పడేసిన చెత్త అన్నీ కనిపిస్తాయి. ఎండిన చోట, పెద్దవాళ్ల కళ్లముందు, అంచున నిలబడి చూడండి. జూన్‌లో నీళ్లు వదిలాక ఆ కాలువ రూపమే మారిపోతుంది. అవే రోజుల్లో మృగశిర వస్తుంది, జూన్ 7, 8 తేదీల నుంచి. తొలి వానలకు మఖమల్ లాంటి ఎర్రటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వస్తాయి. కప్పల బెకబెకలు మొదలవుతాయి.

ఈ రోజులకు వానకొలత సీసా సిద్ధం చేసుకోండి. గోడలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని మెడ కింద కోయండి. కోసిన పైభాగాన్ని తలకిందులుగా గరాటులా అమర్చండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, నీళ్లు పోసి, ఆ నీటిమట్టం దగ్గర సున్న గీత గీయండి. అక్కడి నుంచి స్కేలుతో మిల్లీమీటర్లు గుర్తుపెట్టండి. చెట్ల నీడ, చూరు నీళ్లు పడని చోట పెట్టి, ప్రతిరోజూ ఉదయం 8.30కి చూసి రాయాలి. మన వాతావరణ శాఖ కూడా ఆ వేళకే గత 24 గంటల వాన లెక్క తీస్తుంది. చూశాక నీటిని మళ్లీ సున్న గీత దాకా వంచేయాలి. బడి ఉన్న రోజుల్లో ఒక్కో వారం ఒక్కో జంటకు ఈ పని అప్పగించండి.

ఇప్పుడు సామెతలు బయటికి తీయండి. ‘మృగశిర కురిస్తే ముంగిళ్లు చల్లబడతాయి’, ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’. ఇళ్లలో అడిగితే ఇలాంటివి మరెన్నో వస్తాయి. ఒక్కొక్కటీ గోడ మీద రాసి, ఈ ఏడాది ఏమైందో కింద రాయించండి. మృగశిరలో ఎన్ని మిల్లీమీటర్లు పడింది, వరండాలోని థర్మామీటరు ఎంత తగ్గింది, ఊడ్పులు ఎప్పుడు మొదలయ్యాయి అన్నది పిల్లలే చెప్పాలి. పెద్దల మాటను గౌరవిస్తూనే దాన్ని కొలిచి చూడటం ఎలాగో ఇక్కడ నేర్చుకుంటారు. ఈ మొత్తం కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

వానాకాలంలో గిజిగాళ్లను వదలకండి. ఈతచెట్టుకో తాటిచెట్టుకో, తరచుగా నీళ్ల మీదికి వేలాడేలా, మగపిట్ట గూడు అల్లుతుంది. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది, నచ్చితే అది పూర్తవుతుంది, లేకపోతే అలాగే మిగిలిపోతుంది. వారం వారం ఏ గూడు ఎంత సాగిందో బొమ్మ వేయించండి. రాలిపడిన పాత గూళ్లను మాత్రమే చేతితో ముట్టుకోవచ్చు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద వార్తలే పాఠం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రతిరోజూ పత్రికలో ఆ అంకె వెదికి గ్రాఫు గీయించండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు అని చెబితే, లక్షల క్యూసెక్కులు ఎంతో వాళ్లే లెక్కవేసుకోవడానికి కూర్చుంటారు. ఇదే సమయంలో ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి రెండు సంగతులు రాసుకు రమ్మనండి: 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎక్కడ తలదాచుకున్నారు, ఏ చెట్లు నిలిచాయి, ఏవి పడిపోయాయి అని అడగాలి. అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు ఉంటాయి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతపెట్టకూడదని ముందే నేర్పి పంపండి. పెద్దలు చెప్పినది వాళ్ల మాటల్లోనే రాయాలి.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన ఆయన, సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చుకుని పుస్తకాలు తయారుచేశారు. ఆరోజు ఉపన్యాసాలు పెట్టకండి. పిల్లలు తాము రాసిన వరద కథలను, అవి చెప్పిన పెద్దలను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవాలి.

చలికాలం వలస పక్షులది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మీ ఊరూ చేరవచ్చు. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పక్షులను లెక్కించి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో రాయాలి. ఫోను పెద్దవాళ్ల చేతిలో ఉంటే చాలు.

ఇంగ్లీషు ఎప్పుడు

తల్లిదండ్రులు మొదటి వారమే అడుగుతారు. వాళ్ల ఆత్రంలో తప్పు లేదు. కూలిపని నుంచి పిల్లలు బయటపడాలంటే ఇంగ్లీషు రావాలని వాళ్లు బలంగా నమ్ముతున్నారు. నేర్పుతామని మాటివ్వండి, కానీ రిజిస్టరులో మొదటి రెండు గడులు నిండాకే మూడోది మొదలుపెట్టండి. అప్పటికి లకుముకి అంటే ఏమిటో, ఎక్కడ కూర్చుంటుందో, చేపను ఎలా పడుతుందో పిల్లలకు తెలుసు, తెలుగులో రాయగలరు కూడా. కింగ్‌ఫిషర్ అనే మాట ఆ తెలిసినదాని పక్కన చేరుతుంది. నత్తగొట్టు కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుందని గమనించిన పిల్లకు ఓపెన్‌బిల్ అనే పేరు ఇంకెవరూ వివరించనక్కరలేదు.

పేర్ల జాబితా బట్టీ పట్టించవద్దు. రెండు వాక్య నమూనాలు చాలు: నేను ఫలానాదాన్ని చూశాను, అది ఫలానా పని చేస్తోంది. ప్రతివారం గట్టు మీదనే, చూస్తుండగానే వాటిని ఇంగ్లీషులో పలికించండి. రెండు నెలలకు ఎక్కడ, ఎన్ని అనే ప్రశ్నలు చేర్చండి. మీ ఉచ్చారణ గురించి బెంగ వద్దు, ఫోనులోని నిఘంటువు పలికి వినిపిస్తుంది.

దూరప్రయాణం

ఏడాదికి ఒకటి చాలు. తూర్పు వైపు వాళ్లకు కోరంగి, పడమటి వైపు వాళ్లకు కైకలూరు దగ్గర, కొల్లేరు సరస్సులోని పక్షుల కేంద్రం ఆటపాక. కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అటవీ శాఖ వేసిన చెక్కబాట మీద నడవవచ్చు. పాటు వేళకు చేరేలా ముందుగా అడిగి బయలుదేరండి. నీరు తీసినప్పుడే బురదలోంచి పైకి లేచిన శ్వాసవేర్లు, ఒక డెక్క పెద్దగా ఉండే చిన్న పీతలు కనిపిస్తాయి. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లను గుర్తుపట్టించండి. తిల్ల పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఆకులు తుంచనివ్వకండి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, కనిపిస్తుందని ఆశపెట్టవద్దు. ఆటపాకకు చలికాలంలో వెళ్తే గూడబాతుల గుంపులు చూడవచ్చు. కొల్లేరు 2002 నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో ఉంది.

బయలుదేరే ముందువారం ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలు రాసుకోవాలి, అందులో ఒకటి మన గట్టుతో పోల్చేదిగా ఉండాలి. తిరిగొచ్చిన వారం జవాబులు రాయడమే పని.

లెక్క చూసుకోవడం

పరీక్షలు పెట్టకండి. నెల చివర ప్రతి పిల్ల నోటుపుస్తకంలో ఆ నెల మొదటి పేజీ, ఆఖరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. వాక్యాలు పెరిగాయా, ‘ఒక పిట్ట’ అన్న చోట పేరు వచ్చిందా, ఎందుకు అనే ప్రశ్న ఎక్కడైనా ఉందా అని చూస్తే ఎవరికి ఏ సాయం కావాలో తెలిసిపోతుంది. రెండు వారాలు వరుసగా రాని పిల్లల ఇంటికి మూడో వారం మీరే వెళ్లండి. ఊడ్పులప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండాల్సి వచ్చిన ఆడపిల్ల కావచ్చు. తమ్ముణ్ణీ తీసుకురమ్మనండి.

ఏడాది పూర్తయ్యాక రిజిస్టరును, కార్తెల కేలండరును, వరద కథలను జిరాక్సు తీయించి ఒక్కో ప్రతి బడికి, గ్రంథాలయానికి, పంచాయతీకి ఇవ్వండి. రాసిన పిల్లల పేర్లు, చెప్పిన పెద్దల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటేనే, మొదటి పేజీలో ఉండాలి. తొమ్మిదో తరగతికి వెళ్లిన పిల్లల్లో ఇద్దరిని అడిగి వచ్చే జూన్‌కు సహాయకులుగా ఉంచుకోండి. వానకొలత సీసా ఎండకు పెళుసుబారి ఉంటుంది, మృగశిరకు ముందే కొత్తది కోసి పెట్టే పని వాళ్లకే ఇవ్వండి.